మూడో ఒత్తుడు

ఆంటీ ఫోన్ చెయ్యదు. ఆమెకు చెవులు మందగించి చాలా కాలమైంది. ఏదైనా చెప్పాలనుకుంటే మెసేజ్ పెడుతుంది, అదీ తెలుగులోనే, ఎక్కడా చుక్క గానీ కామా గానీ లేకుండా. మొన్న పొద్దున నేను స్టూడియోలో కూర్చుని బులెటిన్ కాగితాలు సర్దుకుంటుంటే ఆమె మెసేజ్ వచ్చింది. "గోడకున్న బటన్లు తీపిచ్చేద్దామంటున్నది మా అమ్మాయి తీసే ముందు నువ్వొకసారి వచ్చి చూడు ఆ రోజు నేను వస్తున్న అని ఆయనకు ఎరుకైందా లేదా ఆ మిషన్ చూస్తే నీకు తెలుస్తదా"

ఆ రోజు అంటే ఆంటీ వాళ్ళాయన పోయిన రోజు. ఆయన మంచం పక్కన ఒక బటన్, వంటింటి గోడకు ఒక బటన్ ఉండేవి. అక్కడ నొక్కితే ఇక్కడ లైటు వెలుగుతుంది. ఆ పొద్దున వంటింట్లో లైటు వెలిగింది. ఆంటీ చూసింది, తన బటన్ నొక్కింది, పొయ్యి కట్టేసి వెళ్ళింది. ఆమె వెళ్ళేసరికి ఆయన లేరు. పరామర్శకు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ పక్కావిడతో, పాపం పిలిచి పిలిచి పోయుంటాడు, ఈమెకేమో వినపడదాయె అందట. ఆంటీకి వినపడదు గానీ ఎదుటివాళ్ళ పెదాలు చదవడం బ్రహ్మాండంగా వచ్చు. అంతమంది అన్ని ఓదార్పు మాటలు చెప్పి వెళ్ళారు గానీ, ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే.

నేను ఫోను బోర్లా పెట్టి ఎదురుగా ఉన్న బటన్లను చూశాను. అన్నీ ఆయన పెట్టిన రంగులే.

మాది ఇంటర్నెట్ రేడియో. చాలా భాషలున్నాయి, అందులో తెలుగు నాది. ఉత్తరాదిలో ఉన్న మనవాళ్ళ కోసం పొద్దుటిపూట వార్తలూ కబుర్లూ చెబుతాను. కటవారియా సరాయ్ లో ఇరుకు గదులు తీసుకుని సివిల్స్ చదివే పిల్లలు, కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండే జవాన్ల ఇళ్ళవాళ్ళు, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో క్యాబ్ కోసం చూస్తూ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు, వీళ్ళే నా శ్రోతలు. ఆయన మా స్టూడియో ఇంజనీరు. వరంగల్ అవతల ఏదో ఊరు. ఫౌజులో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, రిటైరై, ఊరికి పోతానంటూనే ఢిల్లీలో ఉండిపోయిన మనిషి.

పొట్టిగా ఉండేవారు. ఎండలు ముదిరినా చేతుల్లేని స్వెటర్ విప్పేవారు కాదు. జేబులో పెన్ను, దాని పక్కన స్క్రూడ్రైవరు ఉండేవి. హాజరు వేసేటప్పుడు కూడా ముందు చెయ్యి స్క్రూడ్రైవరు మీదికే పోయేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దాని కోసం స్టూడియో అంతా వెతికేవారు. మేము చెప్పేవాళ్ళం కాదు. ఆయన వెతుకుతూ గొణుక్కునే హిందీ తిట్లు అంత బాగుండేవి.

నేను చేరిన కొత్తల్లో, అప్పుడు మా స్టూడియో సాకేత్ లో ఒక సెల్లార్లో ఉండేది, ఆయన్ని అంకుల్ అన్నాను. ఢిల్లీలో కూరగాయలబ్బాయి నుంచి ఇంటి ఓనరు దాకా అందరూ అంకుళ్ళే కదా. ఆయన స్క్రూడ్రైవరు ఆపి నా వంక చూశారు.

"స్టూడియోల నేను అంకుల్ని గాదు బిడ్డా, ఇంజనీర్ని. అంకుల్ ద్వారకల ఉంటడు. ఆదివారం వస్తే కలుస్తవ్."

నిజంగానే ఆదివారం వెళ్ళాను. ద్వారకలోని ఆ చిన్న ఫ్లాటులో అంకుల్ వేరే మనిషి. లుంగీ కట్టుకుని, ఆంటీ చేసిన సర్వపిండి నాకు తుంచి పెడుతూ, తన ఫౌజు కథలు మొదలుపెట్టారు. ఆంటీ నిమ్మళంగా చెవిలోంచి మిషన్ తీసి డబ్బాలో పెట్టేసింది. "సూసినవా, నా కథంటే ఇంత మర్యాద," అని ఆయన పడీ పడీ నవ్వారు. సోమవారం స్టూడియోలో మళ్ళీ ఇంజనీరే. నిన్న సర్వపిండి బాగుంది అంకుల్ అంటే వినపడనట్టు వెళ్ళిపోయారు.

ఆయనకు ఎరుపు మీద పట్టింపు ఉండేది. స్టూడియోలో ఎర్రగా వెలగవలసింది ఒకే ఒక్కటి, మైకు తెరిచి ఉన్నప్పుడు వెలిగే లైటు. ఇంకేదీ ఎర్రగా ఉండకూడదు. నా టిఫిన్ డబ్బా మూత ఎర్రది. దాన్ని బల్ల మీద చూసి, తీసుకెళ్ళి కారిడార్లో పెట్టి వచ్చారు. హిందీ కార్యక్రమం చేసే అమ్మాయి ఎర్ర ఫోను కవరు కొనుక్కుంటే దానికి తెల్ల టేపు చుట్టి ఇచ్చారు. ఇక నా బొట్టు సంగతేమిటని అడిగితే కాసేపు నిజంగానే ఆలోచించి, "బొట్టు మాఫీ" అన్నారు. మాకందరికీ నవ్వులాటగా ఉండేది గానీ, చెప్పొద్దూ, ఇప్పుడు బయట ఎక్కడ చిన్న ఎర్ర లైటు కనిపించినా నా నోరు దానంతటదే మూతపడుతుంది.

సాకేత్ సెల్లార్లో నాకూ ఆయనకూ మధ్య గాజు తలుపు ఉండేది. సైగలతో సరిపోయేది. తర్వాత కంపెనీ గురుగ్రామ్ లో ఒక పెద్ద టవర్లోకి మారింది. మైకులూ పాటలూ నడిపే బటన్లున్న కొత్త బల్ల వచ్చింది. ప్రతి బటన్‌నీ ఏ రంగులో కావాలంటే ఆ రంగులో, ఎంత వెలుగు కావాలంటే అంత వెలుగులో పెట్టుకోవచ్చు. నా గదిలోని మైకుని ఆయన గదిలోంచి కూడా తెరవొచ్చు, మూయొచ్చు. అంతా బాగానే ఉంది గానీ, కట్టినవాళ్ళు రెండు గదుల మధ్య గాజు పెట్టాల్సిన చోట గోడ పెట్టారు. గోడ మీద ఒక అందమైన చెక్క నగిషీ కూడా పెట్టారు. ఆయన దాని ముందు నిలబడి, చాలాసేపు చూసి, "దీనికి దండం పెట్టాలనా?" అని మేనేజర్ని అడిగారు.

బల్లని బిగించడానికి రోహ్‌తక్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నెమ్మదైనవాడు. పని అయిపోయింది సర్ జీ, చూసుకోండి అన్నాడు. ఈయన నన్ను లోపల కూర్చోబెట్టి మైకు బటన్ నొక్కమన్నారు. ఎర్ర లైటు వెలిగింది. తర్వాత తన గదిలోకి వెళ్ళి అక్కణ్ణుంచి నా మైకు మూసేశారు. నా ముందు లైటు ఇంకా ఎర్రగానే ఉంది. అంటే, నేను మాట్లాడుతూనే ఉంటాను, మైకు మూసుకుని ఉంటుంది, నాకు తెలియదు. వెనక్కి వచ్చి ఆ లైటుని చూపించారు. ఆ ఇంజనీరు, బటన్ నొక్కగానే లైటు వెలిగేలా పెట్టాం, అందరూ ఇలాగే వాడుతున్నారు అని హిందీలో వివరించాడు. ఈయన కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చున్నారు. లైటు వేలి మాట వినకూడదు, మైకు మాట వినాలి. ఆయన చెప్పింది అంతే. హిందీలో ఒకసారి, నా కోసం తెలుగులో ఒకసారి చెప్పారు.

సాయంత్రం దాకా ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందు తలలు ఆనించి కూర్చున్నారు. మధ్యలో ఆంటీ పంపిన డబ్బాలోంచి పచ్చిపులుసు అన్నం ఆ రోహ్‌తక్ అబ్బాయి ఆవురావురుమంటూ తిన్నాడు. చివరికి లైటు మైకు మాట వినడం నేర్చుకుంది. ఆ తర్వాత ఏ ఊళ్ళో బల్ల బిగించినా అతను ఈయనకు ఫోన్ చేసి, సర్ జీ, ఇక్కడ కూడా అలాగే పెట్టాను అని చెప్పేవాడు.

ఇక గోడ సంగతి. నేను సిద్ధంగా ఉన్నానో లేదో ఆయనకు కనపడదు, ఆయన సిద్ధమో కాదో నాకు కనపడదు. దానికి ఆయన రెండు గదుల్లోనూ ఒక్కో పిలుపు బటన్ పెట్టారు. ఆయన తన బటన్ నొక్కితే నా గదిలో నారింజ లైటు వెలుగుతుంది. అది పిలుపు. నేను నాది నొక్కితే ఆయన గదిలో ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. అది నా జవాబు. ఇక్కడితో ఆగితే ఎవరికైనా సరిపోతుంది. ఆయన ఆగలేదు. నా జవాబు చూశాక ఆయన మళ్ళీ ఒకసారి తన బటన్ నొక్కుతారు. అప్పుడు రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. అవి ఆరాకే నేను మైకు తెరవాలి. ఆయన నొక్కనిదే అవి ఆరవు, పొద్దుగూకే దాకా కూర్చున్నా ఆరవు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు మూడో ఒత్తుడు.

మూడోది దేనికి సార్, దండగ కదా అని నేనే అడిగాను.

"నేను పిలిచిన. నువ్వు పలికినవ్. నువ్వు పలికింది నేను సూసిన్నా లేదా అని నీకు తెల్వొద్దా? గోడ అవతల మనిషి ఉన్నడో లేడో అని నువ్వెందుకు పరేషాన్ కావాలె?"

ఆఫీసంతా దీని మీద జోకులు వేసుకున్నారు. క్యాంటీన్లో టీ ఇచ్చేటప్పుడు కూడా మూడోసారి తల ఊపేదాకా కప్పు వదలకూడదని నేనే ఒక రూలు పుట్టించాను. ఆయన ఆ రూలుని చాలా గంభీరంగా పాటించారు.

ఒకరోజు ఆ మూడో ఒత్తుడే మా కొంప ముంచింది. ఆయన పిలిచారు, నారింజ వెలిగింది. నేను పలికాను. ఇక ఆరడమే తరువాయి. ఆరలేదు. టైటిల్ సంగీతం అయిపోయింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన మాటంటే మాటే కదా, ఆరకుండా మైకు తెరవకూడదు. అటు ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. అది ఎక్కడుందో మీకు తెలుసు. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ దాకా మా తెలుగు శ్రోతలంతా నిశ్శబ్దాన్ని విన్నారు. అక్కా కరెంటు పోయిందా అని మెసేజ్‌లు వచ్చిపడ్డాయి. కాన్పూర్ వాడైన మా మేనేజరు క్యా హో రహా హై అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఈయన ఎదురెళ్ళి, తప్పు నాది, ఆమెది కాదు అని చెప్పి చీవాట్లన్నీ నిలబడి తిన్నారు. తర్వాత నా గదికి వచ్చారు. మొహం చూస్తే పెళ్ళివారి మొహంలా వెలిగిపోతోంది.

"ఆగినవ్ గదా! శాబాష్ బిడ్డా," అన్నారు.

ఆ సాయంత్రం అందరికీ సమోసాలు తెప్పించారు. కంపెనీ పరువు పోయినందుకు పండగ చేసిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆయన మూడో ఒత్తుడు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. చెవి దగ్గర ఫోనున్నా, నోట్లో సమోసా ఉన్నా, అటు ఆకుపచ్చ వెలగడమే ఆలస్యం, ఆ వేలు దానంతటదే పోయేది. నేను జవాబు నొక్కి వేలు తీసే లోపు నా లైటు ఆరిపోయేది.

రంగుల విషయంలో కఠినుడే గానీ మనుషుల విషయంలో కాదు. హిందీ అమ్మాయి ఊదా రంగు కావాలని వారం పాటు వెంటపడితే, పాటల బటన్‌కి ఊదా పెట్టిచ్చారు. బెంగాలీ ఆయనకు లైట్లు కళ్ళలో గుచ్చుకుంటాయి, ఆయన కూర్చున్నప్పుడు బల్లంతా మసకగా ఉండేలా చేశారు. ఒక దీపావళికి అందరం కలిసి బతిమాలి బటన్లన్నిటినీ దీపాల రంగులోకి మార్పించాం. ఏది ఏ బటనో ఎవరికీ తెలియక వార్తల మీద భాంగ్రా పాట పడింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు ఆయన. మా మీద కోపం కాదు, ఒప్పుకున్నందుకు తన మీద తనకే కోపం. ఇక నేను ఏమీ అడగలేదు. ఒకనాడు కూర్చుని చూస్తే నా కాగితాల మీద పడే బటన్ల వెలుగు తగ్గి ఉంది. చదివేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నానట నేను. నాకే తెలియదు.

మా నాన్న పోయాక ఊరి నుంచి తిరిగొచ్చి మొదటిసారి మైకు ముందు కూర్చున్న రోజు గురించి చెప్పాలి. బాగానే ఉన్నాననుకున్నాను. పిలుపు, జవాబు, మూడో ఒత్తుడు, ఎర్ర లైటు, అన్నీ మామూలే. గుంటూరు మిర్చి యార్డు వార్త ఒకటి వచ్చింది. మా నాన్న బతుకంతా ఆ యార్డులోనే గడిచింది. ఆ పేరు సగంలో ఆగిపోయాను. ఇంకొక్క క్షణమైతే నా ఏడుపు అందరి ఇళ్ళలోకీ వెళ్ళిపోయేది. నా ముందున్న ఎర్ర లైటు టక్కున ఆరింది. హెడ్‌ఫోన్లలో వీణ మొదలైంది. గోడ అవతలి నుంచి నా మైకు మూసేశారు ఆయన. ఆ మిషను మీద ఆ సౌకర్యం మొదటి నుంచీ ఉంది, కానీ ఆయన ఎప్పుడూ వాడలేదు. కూర్చున్న మనిషికి చెప్పకుండా మైకు ముయ్యడమంటే మాట్లాడేవాళ్ళ నోరు చేత్తో మూసినట్టే అనేవారు. వీణ సాగుతూనే ఉంది. నేను తనివితీరా ఏడ్చాను. ఎవరూ రాలేదు, తలుపు తట్టలేదు. చాలాసేపటికి నారింజ లైటు వెలిగింది. కళ్ళు తుడుచుకుని జవాబు నొక్కాను. ఆరింది. మిగతా వార్తలు చదివాను.

అయ్యాక ఆయన గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాలేదు.

"నిన్ను అడగకుంట నీ మైకు మూసిన. ఏమనుకోకు బిడ్డా."

నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా ఎర్ర మూత టిఫిన్ డబ్బాని కారిడార్లోంచి తెచ్చి ఇచ్చి, అన్నం తిను అని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆయన నాకు స్టూడియోలో కూడా అంకులే. పైకి అనలేదు, అంతే.

చలికాలం వస్తే ఢిల్లీలో గాలి ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మాట్లాడి బతికేవాళ్ళం, మాకు దగ్గే శత్రువు. సాకేత్ లో ఉన్నప్పుడు నా ఎడమ చేతి కింద ఒక దగ్గు బటన్ పెట్టారు. అది నొక్కి పట్టుకున్నంతసేపూ మైకు మూసుకుని ఉంటుంది, హాయిగా దగ్గుకోవచ్చు. నా బొటనవేలు ఆనీ ఆనీ దాని ఒక మూల నున్నగా అరిగిపోయింది. నాకు బటన్ ఇచ్చి ఆయన మాత్రం కారిడార్లన్నీ దద్దరిల్లేలా దగ్గేవారు. డాక్టరుకి చూపించుకోమంటే, "ఫౌజీ దగ్గు, గట్టిగనే ఉంటది," అనేవారు. ఒక చలికాలం ఆ దగ్గు ఆగలేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఉద్యోగం మానేశారు. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ వచ్చింది. గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

నేను చూడ్డానికి వెళ్తే, తలగడ మీద నుంచి ఆంటీ వైపు చెయ్యి చూపించి, "నాకు గొంతు లేదు, ఆమెకు చెవి లేదు. మంచిగ సెట్ అయింది," అన్నారు. ఆంటీ పెదాలు చదివి ఆయన దుప్పటి విసురుగా సర్దింది.

అప్పటికే బటన్లు బిగించుకున్నారు. మధ్యమధ్య మంచం మీదికి వచ్చి కూర్చుంటూ, ఊపిరి కోసం ఆగుతూ ఆగుతూ, సొంతంగా బిగించుకున్నారు. ఇల్లంతా తిప్పి చూపించలేక నన్నే తిరిగి చూడమన్నారు. వంటింట్లో పొయ్యి వెనక గోడకు నారింజ. మంచం పక్కన ఆకుపచ్చ. కరెంటు పోయినా పనిచేసేలా రెండూ ఇన్వర్టరు మీద ఉన్నాయి. మంచం పక్క బటన్‌ని చూస్తే ఎక్కడో చూసినట్టనిపించింది. ఒక మూల నున్నగా అరిగి ఉంది. సాకేత్ బల్లని తుక్కులో పారేసేటప్పుడు నా దగ్గు బటన్ ఊడదీసి దాచుకున్నారట. నేను దాన్ని తడిమి చూస్తుంటే ఆయన అటు తిరిగి పడుకున్నారు. దొరికిపోయిన దొంగలా ఉంది ఆయన వాలకం.

ఇక్కడ కూడా మూడో ఒత్తుడు ఉందా అని అడిగాను. ఉందన్నట్టు తలూపారు. ఆంటీకి నేర్పారా అంటే లేదన్నారు.

"ఆమెకు గదంత ఎందుకు. లైటొస్తే ఒత్తి రావాలె, గంతే చెప్పిన. అటెన్క పని నాది."

ఆ మాట నేను అప్పుడు నవ్వుతూ విన్నాను. ఆయన్ని చూడ్డం అదే ఆఖరు.

ఆంటీ మెసేజ్ వచ్చిన రోజు బులెటిన్ చదవడం అవగానే మెట్రో ఎక్కి ద్వారక వెళ్ళాను. దారంతా నా భయం నాదే. వెళ్ళి ఆ డబ్బా విప్పి చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? వైర్లు మాట్లాడవు. ఏదో ఒకటి చెప్పి ఓదారుద్దామనుకున్నాను గానీ ఆమె ముందు అబద్ధం నిలవదు. పెదాలు చదివేవాళ్ళు కళ్ళు కూడా చదువుతారు.

ఆంటీ నా కోసం టీ పెట్టింది. మనిషి సగమైపోయింది. మంచం అలాగే ఉంది, ఆక్సిజన్ మిషన్ తీసుకెళ్ళిపోయారు. నేను ఎదురుగా కూర్చుని, మెల్లగా, పెదాలు కనపడేలా, ఆ పొద్దున ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. చెప్పింది. ఆయనకు రాగిజావ కాస్తోంది. నారింజ లైటు వెలిగింది. చేతికంతా జావ ఉంది, అయినా ఆ చేత్తోనే నొక్కింది. పొయ్యి కట్టేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళింది.

"చెయ్యి కడుక్కోకుంట ఉరికితే ఆయన అందుతుండె బిడ్డా," అంది.

గదిలో అడుగుపెట్టగానే మొదట ఏం చేశారని అడిగాను.

"పరదా తీసిన. బయట మబ్బు పట్టినట్టున్నది, లోపల మొత్తం చీకటి. ఏం కనవడలే. పరదా తీసి ఆయన మొకం చూసిన."

మళ్ళీ అడిగాను, ఆమె అర్థం చేసుకుందో లేదోనని రెండోసారి కూడా అడిగాను.

"ఆంటీ, గది చీకటిగా ఉందా? మంచం దగ్గర పచ్చ లైటు లేదా?"

"లేదు. రోజు నేను వచ్చేసరికి అది ఆరిపోయే ఉంటది గదా."

మీరు వెళ్ళేలోపు ఇంకెవరైనా గదిలోకి వెళ్ళారా అంటే ఇంట్లో ఇంకెవరూ లేరంది. నేను ఆమెని వంటింట్లోకి పంపాను. లైటు రాగానే ఎప్పటిలాగే నొక్కి రమ్మన్నాను. మంచం మీద ఆయన పడుకునే వైపు కూర్చుని నా పాత దగ్గు బటన్ మీద బొటనవేలు ఆనించి నొక్కాను. కాసేపటికి అందులో ఆకుపచ్చ వెలిగింది. ఆంటీ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళలో వెలిగి ఉన్న ఆ లైటుని ఆమె చూడ్డం అదే మొదటిసారి.

వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. టీ మీద మీగడ కట్టింది. పాలవాడు వచ్చి తలుపు పక్కన ప్యాకెట్లు పెట్టి వెళ్ళాడు. లైటు వెలుగుతూనే ఉంది.

"ఎప్పుడు ఆరుతది ఇది?" అంది ఆంటీ.

"దానంతటది ఆరదు ఆంటీ. ఇక్కడున్న మనిషి మీ జవాబు చూసి, ఇంకోసారి నొక్కాలి. అప్పుడే ఆరుతుంది."

ఆమె నా పెదాల మీద నుంచి చూపు తియ్యలేదు. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. స్టూడియోలో మూడో ఒత్తుడు గురించి, సమోసాల గురించి, జవాబు రాగానే ఆయన వేలు ఎలా పోయేదో అంతా చెప్పాను. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, తుడుచుకుంటే నా పెదాలు కనపడవని. "రోజు ఆయనే ఆర్పెటోడా?" అంది. అవునన్నాను. నువ్వు వస్తున్నావని తెలిసింది అని రోజూ చెప్పేవారు, ఆ రోజు కూడా చెప్పారు అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

చాలాసేపటికి లేచింది. నన్ను అక్కడే కూర్చోమని చేత్తో సైగ చేసి వంటింట్లోకి నడిచింది. ఎందుకో అర్థమైంది నాకు. ఎప్పుడూ నొక్కి పరిగెత్తడమే గానీ, అక్కడ నిలబడి ఆ నారింజ లైటు ఆరడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె పొయ్యి ముందు కుదురుగా నిలబడేదాకా ఆగి, బొటనవేలితో నొక్కాను. నా దగ్గర ఆకుపచ్చ ఆరింది.

వంటింట్లోంచి ఆమె గొంతు వచ్చింది, తనకు వినపడదు కాబట్టి కొంచెం గట్టిగానే.

"ఆరింది బిడ్డా."

తర్వాత ఇంకొక్క మాట. అది నాతో అన్నది కాదు.

"చూసిండు."